లోపలి నుంచి కట్టిన గోడ

కిందటి వారం ఫౌస్తీనాను నిచ్చెన మీద సగంలో వదిలి వచ్చేశాం. పాపం, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాలిలో పెట్టుకుని, కింద బురదనూ పైన అత్తగారినీ మార్చి మార్చి చూస్తూ వారం రోజులుగా అలాగే ఉంది. ముందు ఆమెను దించుదాం.

దించేలోపు రెండు ముక్కలు. వెనిస్‌లో ఒర్సేగో వారి మేడను ఆనుకుని పారే కాలువకు పూడిక తీయడానికి రెండు చివరలా అడ్డుకట్టలు వేసి, నీళ్ళు తోడేసి ఆరు రోజులైంది. ఈ శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి కట్టలు తీసేస్తారు. ఆ తరవాత ఏ నలభై ఏళ్ళకో గానీ ఆ గోడల అడుగు ఎవరి కంటా పడదు. ఆ మేడ కోడలు ఫౌస్తీనా. పదేళ్ళ కిందట, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఫిబ్రవరిలో, ఆమె భర్త జక్కారియా నీటిగుమ్మంలోంచి పడవ వేసుకుని బయటికి వెళ్ళాడు. పడవ మురానో దీవి దగ్గర తేలింది. మనిషి తేలలేదు. పదేళ్ళు కబురు లేకపోతే పోయినట్టే లెక్క అని చట్టం. వచ్చే సోమవారం నాడు ఫౌస్తీనా జడ్జిగారి ముందు నిలబడి, "ఈ పదేళ్ళలో నా భర్తను చూడలేదు, ఆయన గురించి ఎవరి నోటా వినలేదు" అని ప్రమాణం చేస్తే విధవ అవుతుంది. విధవ అయితే మందుల కొట్టు ఎర్మెతేగారు ఆమెను పెళ్ళాడి తన ఊరు పాదువా తీసుకుపోతాడు. మూడేళ్ళుగా అడగవలసినది అడగలేక, అడగని దగ్గుమందు పొట్లాలు కట్టి ఇస్తున్న మనిషి ఆయన. పాదువాలో తన ఇంటి గోడలు ఏడాది పొడుగునా పొడిగా ఉంటాయని ఒకసారి నోరు జారాడు. ఫౌస్తీనాకు ఎవరూ ఎప్పుడూ అంతకంటే తియ్యటి మాట చెప్పలేదు.

అది సోమవారం సంగతి. ఇవాళ శనివారం, పొద్దున్న పదకొండు గంటలు. పూడిక పనులు చూసే బోర్తొలో మేస్త్రీ, "ఒక్కసారి దిగి రండి దొరసానమ్మా, మీకొకటి చూపించాలి" అని పిలిస్తే ఆమె నిచ్చెన ఎక్కింది. అంటే దిగింది.

జక్కారియా బాతుల వేటకు వాడే రబ్బరు బూట్లలో రెండేసి మేజోళ్ళు కుక్కి వేసుకుంది గనక పిక్కల దాకా దిగబడినా కాళ్ళు తడవలేదు. పొగమంచు కాలువలోకి దిగి, నీళ్ళు ఖాళీ చేసిన చోట తనే కాపురం పెట్టినట్టుంది. రెండు పక్కలా ఇళ్ళ అడుగులు నల్లగా, నాచుతో, గుల్లలతో బయటపడ్డాయి. ఎంత గొప్పింటి ముసలివాళ్ళయినా కట్టుడుపళ్ళు తీసి గ్లాసులో వేస్తే అందరి మొహాలూ ఒకటే.

ఎదురింటి కిటికీలో ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి నివేస్ తల బయటికి పెట్టింది.

"ఫౌస్తీనక్కా! మా అమ్మ పెళ్ళి ఉంగరం కనిపిస్తే చెప్పవా? ముప్ఫైరెండులో బట్టలు పిండుతూ పడేసుకుంది!"

"ఇప్పటికి నాలుగు దొరికాయిట. మీ అమ్మది పోల్చుకోగలవా?"

"ఆ నాలుగూ మా అమ్మవే!"

ఇంకో రోజైతే ఫౌస్తీనా దీనికి మాట బాకీ ఉంచేది కాదు. కానీ బోర్తొలో నవ్వలేదు. వాళ్ళ తాత ముత్తాతల నాటి నుంచీ నీళ్ళ కింద గోడలు కట్టే వంశం వాళ్ళది. పని చేస్తూ పాటలు పాడే మనిషి, ఈ పొద్దున మీసం చివర కొరుక్కుంటూ నిలబడ్డాడు.

నీటిగుమ్మం మెట్లకు ఎడమ పక్కన, మనిషెత్తు కింద, ఇంకో గుమ్మం ఉంది. పైన రాతి కమాను, లోపల ఇటుకలు పేర్చి మూసేసిన గోడ.

"ఇది మీ మేడకి మొదటి నీటిగుమ్మం, దొరసానమ్మా. నీళ్ళు పెరిగినకొద్దీ మీ పెద్దలు పాత నేల మీద రాళ్ళూ రప్పలూ పోసి, దాని మీద కొత్త నేల వేసుకుంటూ పైకొచ్చారు. వీధిలో సగం ఇళ్ళది ఇదే కథ. గుమ్మం ఉండటం వింత కాదు, మూసెయ్యడమూ వింత కాదు. ఈ సున్నం చూడండి."

"చూశాను. సున్నం."

"మీరు పండక్కి రెండు పొరల కేకు చేసి మధ్యలో మీగడ పెడతారు కదా. పై పొర నొక్కితే ఏమవుతుంది?"

"పక్కలకి కారుతుంది."

"కారింది ఏం చేస్తారు?"

"కత్తితో గీకి నాకేస్తాను."

"మీ వైపు గీకుతారు. అవతలి వైపు?"

"కంచం తిప్పి అదీ గీకుతాను."

"గోడని తిప్పలేం కదమ్మా." బోర్తొలో ఇటుకల మధ్య వేలు పెట్టి రాశాడు. ప్రతి వరసలోనూ సున్నం నాలుకలు చాపినట్టు బయటికి పొడుచుకొచ్చి, అలాగే గట్టిపడి ఉంది. "కట్టేవాడు తను నిలబడ్డ వైపు తాపీతో నున్నగా గీకుతాడు. చెయ్యందని వైపు ఇలా వదిలేస్తాడు. ఇది వదిలేసిన వైపు."

ఫౌస్తీనా కాసేపు ఆ నాలుకలను చూసింది.

"అయితే లోపల నిలబడి కట్టాడు. కట్టి, లోపల్నుంచి మేడలోకి ఎక్కి వచ్చేసుంటాడు."

"ఎటు నుంచి?"

ఈ గోడ వెనక, పైన ఉన్నది ఆమె వంటిల్లు. దాని పక్కన కట్టెల గది, అటు పక్కన పడవల చావడి. పదిహేనేళ్ళుగా ఆ నేలను మోకాళ్ళ మీద కూర్చుని తోమిన మనిషి ఆమె. ఎలుక ఎక్కడ మునిగి ఎక్కడ తేలుతుందో చెప్పగలదు. ఆ నేలలో మెట్లు లేవు, తలుపు లేదు, కదిలే పలక ఒక్కటి లేదు.

"అది వందేళ్ళ నాటి సంగతి. నాకెందుకులే అని ఊరుకునేవాణ్ణి," అన్నాడు బోర్తొలో గొంతు తగ్గించి. "బుధవారం చూసినప్పుడు పై వరసలో మూడిటుకలు లేవు. నా చెయ్యి మోచేతి దాకా పట్టింది. ఇదిగో, సుద్దతో గుర్తు పెట్టుకున్నాను, పోయేముందు పూడుద్దామని."

సుద్ద గీత ఉంది. గీత లోపల ఖాళీ లేదు. మూడిటుకలు ఉన్నాయి, ఎర్రగా, నాచు మచ్చ లేకుండా.

"మీ వాళ్ళెవరో పెట్టుంటారు."

"అడిగాను. ఒట్లేశారు. అయినా మా వాళ్ళు చెప్పిన పనే చెయ్యరు, చెప్పనిది చేస్తారా?" ఆ కొత్త ఇటుకల చుట్టూ వేలు తిప్పాడు. ఇక్కడ కూడా సున్నం బయటికే పొడుచుకొచ్చింది. వేలు తీస్తే తెల్లగా అంటుకుంది. "ఇంకా తడి ఆరలేదమ్మా."

ఇన్నేళ్ళూ ఆ ఖాళీలోంచి కాలువ నీళ్ళు లోపలికీ బయటికీ ఆడుతూనే ఉండి ఉంటాయి. అందులో ఉండగలిగితే చేపలుండాలి. చేపలు తాపీ పట్టవు.

ఫౌస్తీనా తల ఎత్తింది. పైన, పొగమంచులో, నీటిగుమ్మం అంచున వెయ్యి సార్లు తుడిచిన కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. భర్తకు మేనత్త, పొలిస్సేనా ఒర్సేగో, ఎనభై ఆరేళ్ళు. ఎనిమిదేళ్ళుగా మేడ మెట్లు దిగని మనిషి, కాలువ ఎండిన మొదటి రోజున కుర్చీ కిందికి వేయించుకుంది. ఆరు రోజులుగా, కాళ్ళ కింద నిప్పుల కుంపటి, చేతులకు నల్లటి తొడుగులు పెట్టుకుని, నాటకశాలలో తమ సొంత బాల్కనీలో కూర్చున్నట్టు కూర్చుంది. ఇప్పుడు ఆమె చూస్తున్నది కోడలిని కాదు. సరిగ్గా ఆ మూడిటుకలను.

ఫౌస్తీనా నిచ్చెన ఎక్కింది. ఈసారి సగంలో ఆగలేదు.

"బూట్లు విప్పి రావే అమ్మాయ్," అంది ముసలామె. "చావడంతా బురద."

"తుడిచేది నేనేగా. ఆ గోడ వెనక ఏముంది అత్తయ్యగారూ?"

"రాళ్ళూ రప్పలూ."

"అవి తాపీ పని కూడా చేస్తాయా?"

పొలిస్సేనా కోడలి మొహంలోకి చూసింది. చేపల వేలం పాటల మధ్య కియోజా రేవులో పుట్టి పెరిగిన ఈ పిల్ల ముందు గొప్పింటి మౌనాలు పనిచేయవని పదిహేనేళ్ళ కిందటే తెలుసుకుంది.

"రోజూ మధ్యాహ్నం నా గది కిటికీలోంచి రొట్టె పడేస్తాను, ఎరుగుదువు కదా."

"ఎరగకేం. యుద్ధంలో మనిషికి నూట యాభై గ్రాములు రేషను ఇచ్చిన రోజుల్లో కూడా మీరు చేపలకి రొట్టె వేశారు. నేను పొట్టు కలిపిన మొక్కజొన్న సంకటి తిన్నాను."

"చేపలకని నేనెప్పుడన్నానే? నువ్వనుకున్నావు."

కుంపట్లో బొగ్గు చిటపటమంది. ఫౌస్తీనా చెయ్యి దానంతట అదే తలుపు చట్రాన్ని పట్టుకుంది.

"కూర్చో."

"నిలబడే వింటాను."

"మా పెద్ద కుటుంబాల సంగతి తెలుసు కదా. ఎందరు అన్నదమ్ములున్నా పెళ్ళి ఒక్కడికే. ఇల్లు ముక్కలు కాకుండా. మిగిలినవాళ్ళు చర్చికో, ఓడలకో, పేకాటకో పోయేవాళ్ళు. అందరి ఇళ్ళలోనూ అంతే. మా ఇంట్లో ఇంకొక్కటి ఉంది. మిగిలినవాళ్ళలో ఒకడు ఇంటికి ఉండిపోతాడు."

"ఇంటికి అంటే?"

"బురదలో కొయ్యలు దిగ్గొట్టి, వాటి మీద ఇంత రాయి నిలబెట్టారు. కొయ్యల వల్ల నిలబడుతుందనుకున్నావా? పక్క మేడలు చూడు. ఒకటి కుంటి, ఒకటి గూని. మూడొందల ఏళ్ళలో మా గోడ పగిలిందా?"

"పగిలింది," అంది ఫౌస్తీనా టక్కున. "నా వంటింట్లో. పొయ్యి పక్కన."

"ఎప్పుడు?"

"నా పెళ్ళైన ఏడాది. మొదట్లో వెంట్రుకంత ఉండేది. తరవాత వేలు పట్టేంత అయింది. పెద్ద రాగి పెనం తగిలించి కప్పెట్టాను."

"ఆగింది ఎప్పుడు?"

ఫౌస్తీనా వంటింటి వైపు చూసింది. ఆమెకు తెలుసు. అంత పెనమూ ఆ పగులుకు చాలక, ఇంకా పెద్ద పెనం వెతుక్కోవాలనుకుంటున్న రోజుల్లో ఆగిపోయింది. జక్కారియా పోయిన ఫిబ్రవరిలో. ఇంట్లో అంత కష్టం జరిగినప్పుడు పగులు గురించి ఎవరు ఆలోచిస్తారని ఎప్పుడూ నోరెత్తలేదు.

"మా తరంలో మీ మామ మార్కో పెళ్ళి చేసుకున్నాడు. లునార్దో ఉండిపోయాడు," అంది ముసలామె, బంతి భోజనంలో ఎవరెక్కడ కూర్చున్నారో చెబుతున్నట్టు.

"లునార్దో చిన్నమామగారు అలెగ్జాండ్రియా వెళ్ళి అక్కడే స్థిరపడ్డారన్నారు!"

"అలా చెప్పుకుంటాం. తరవాత మార్కో కొడుకులు. జిరోలమో పెళ్ళికి, జక్కారియా ఇంటికి. చిన్నప్పుడే అనుకున్నాం. జిరోలమో అల్బేనియా యుద్ధంలో పోయాడు. వంశం నిలవాలి కదా అని అందరూ జక్కారియా మీద పడి నిన్ను తెచ్చి చేశారు. నేనొక్కదాన్నే వద్దన్నాను. ఇంటికి ఇచ్చినవాణ్ణి తీసుకెళ్ళి ఇంకోచోట ఇవ్వకూడదని. నన్ను చాదస్తమన్నారు."

"నా మీద కోపంతో వద్దన్నారనుకున్నాను ఇన్నాళ్ళూ."

"అదీ ఉంది. నీ దగ్గర చేపల వాసన వచ్చేది." ముసలామె పెదవి ఒక పక్కకు వంగింది. "ఐదేళ్ళు నీ దగ్గరున్నాడు. ఐదేళ్ళూ గోడ తెరుచుకుంది. పిలుస్తున్నారని వాడికి తెలుసు. రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు, నువ్వు గమనించే ఉంటావు."

"యుద్ధం వల్లనుకున్నాను."

"అందరూ అన్నీ యుద్ధం వల్లనే అనుకున్నారు."

"మీరు పంపారా?"

"చెప్పాను. వెళ్ళింది వాడే. పడవని వదిలెయ్యమంది మాత్రం నేను."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదు."

"చెబితే పోనిచ్చేదానివా?"

"చచ్చినా పోనిచ్చేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు." పొలిస్సేనా చేతి తొడుగు లాగి, మళ్ళీ సరిచేసుకుంది. మొదటిసారి ఆ గొంతులో కాస్త బతిమాలినట్టు వినిపించింది. "విను. ఇప్పుడు పదకొండున్నర. పన్నెండుకి నీళ్ళొస్తాయి. నేను చెప్పింది ముసలిదాని మతిచాంచల్యం అనుకో. సోమవారం వెళ్ళి చూడలేదు, వినలేదు అని నిజమే చెప్పు. విధవవై హాయిగా ఆ దగ్గుమందు ఆయన్ని చేసుకో. నాకేం అభ్యంతరం లేదు, మంచి మనిషి, వాసన కూడా శుభ్రంగా ఉంటుంది. కానీ ఆ ఇటుక కదిపావంటే ఇంక విధవవి కాలేవు. భార్యవీ కాలేవు."

అదీ మెలిక. ఫౌస్తీనాకు అబద్ధాలు చేతకాక కాదు. చేపల రేవులో పుట్టిన మనిషి, నిన్నటి చేపను ఇవాళ్టిదని ఎంతమందికో అమ్మి చూపించింది. కానీ శిలువ మీద చెయ్యి పెట్టి, బతికున్నవాణ్ణి చచ్చాడని చెప్పడం వేరు. చూడకపోతే సోమవారం నుంచి స్వేచ్ఛ. చూస్తే ఏమవుతుందో ఏ చట్టంలోనూ రాయలేదు. మెత్తటి పరుపు, కిటికీలో ఎండ, పొడి గోడలు ఉన్న పాదువా ఇల్లు కళ్ళ ముందుకు వచ్చింది. ఆ ఇంట్లో తను పడుకుంది. పడుకుని, తెరిచిన కళ్ళతో, మూడిటుకల వెనక ఏముందా అని ఆలోచిస్తోంది. ఏడాది తరవాత కూడా. పదేళ్ళ తరవాత కూడా.

"పదేళ్ళు ఎదురు చూశాను అత్తయ్యగారూ," అంది చివరికి. "ఇంకో పది నాకు ఓపిక లేదు."

"ఫౌస్తీనా!"

ఆమె అప్పటికే నిచ్చెన మీద ఉంది.

కాలువ చివర కట్ట దగ్గర పనివాళ్ళు గడ్డపారలు సర్దుకుంటున్నారు. నివేస్ కిటికీ మూసి పొయ్యి దగ్గరికి పోయింది. బోర్తొలో సుద్ద గీత ముందే నిలబడి ఉన్నాడు. కదలడానికి కాళ్ళు రాలేదో, ఆడమనిషిని వదిలి పోవడానికి మనసు రాలేదో.

"మధ్యలో ఇటుక తియ్యి."

"దొరసానమ్మా, పావుగంటలో..."

"పావుగంట చాలు. ఒక్కటే తియ్యి."

మేస్త్రీ శిలువ గుర్తు వేసుకుని, ఉలి పెట్టి, నాలుగు పక్కలా నాలుగు దెబ్బలు కొట్టాడు. ఇటుక వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది. దాన్ని ఆమె రెండు చేతులా అందుకుంది. గోరువెచ్చగా ఉంది.

రంధ్రంలోంచి నీళ్ళు రాలేదు. బురద వాసన కూడా రాలేదు. గాలి వచ్చింది, పొడిగా, వెచ్చగా, ఇప్పుడే ఆర్పిన మైనపు వత్తి వాసనతో, ఎవరో శ్రద్ధగా ఊడ్చి ఉంచుకున్న గదిలోంచి వచ్చినట్టు. బోర్తొలో ఒక అడుగు వెనక్కి వేశాడు. బురద చప్పుడు చేసింది. ఇంకో అడుగు వేశాడు.

ఫౌస్తీనా వెయ్యలేదు. రంధ్రానికి మొహం ఆనించింది. లోపల ఏమీ కనిపించలేదు.

ఏం మాట్లాడాలో ఆమె పదేళ్ళుగా కూడబెట్టుకుంది. తిట్లు విడిగా, ప్రశ్నలు విడిగా. తీరా సమయానికి వచ్చినవి వేరే.

"జక్కారియా," అంది, పక్కింటివాళ్ళు వినకుండా మొగుణ్ణి మందలించే గొంతుతో. "నేను, ఫౌస్తీనాని. నువ్వు లోపల ఉంటే పలక్కు. వినపడుతోందా? సోమవారం నేను ప్రమాణం చెయ్యాలి. నువ్వు పలక్కపోతే ఇక్కడెవరూ లేరని చెబుతాను, నా బతుకు నేను బతుకుతాను, నీ మీద నాకు ఏ కోపమూ లేదు. ఉన్నా సరే, పలక్కు."

పలకలేదు.

ఆమె పది లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది. కట్ట దగ్గర ఎవరో "జరగండి, జరగండి" అని అరిచారు. చర్చి గంట మొదటి దెబ్బ కొట్టింది. పైన కుర్చీలో ముసలామె ఏదో జపం మొదలుపెట్టింది. ఫౌస్తీనా గుండెల్లోంచి పదేళ్ళ బరువు ఒక్కో పిసరే దిగుతోంది. ఎవరూ లేరు. అంతా మతిచాంచల్యం. సున్నం, పగులు, రొట్టె, ఏదో ఒకటి. ఇటుకను దాని చోట పెట్టేద్దామని చేతులెత్తింది.

చీకట్లోంచి, ఆమె మొహానికి జానెడు దూరంలో, ఎవరో సుతారంగా గొంతు సవరించుకున్నారు. జక్కారియా గొంతు కాదు. చాలా ముసలి గొంతు, ఈ కాలంలో ఎవరూ వాడని మర్యాదతో పలికింది.

"అబ్బాయి ఇప్పుడే నడుం వాల్చాడమ్మా. లేపమంటావా?"